మెలెసియో అంకుల్ మూడు నిమిషాలు

మెలెసియో అంకుల్ చేతికి మైకు వెళ్ళిందంటే ఇక తిరిగి రాదు. ఆ దీవిని నడిపే కౌంటీ కౌన్సిల్లో ఒక్కో అంశం మీద ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. మూడు నిమిషాలు కాగానే బల్ల మీద ఎర్రదీపం వెలుగుతుంది. అంకుల్ దాన్ని ఆప్యాయంగా చూసి, "ఒక్క మాట చెప్పి కూర్చుంటా" అంటాడు. ఆ ఒక్క మాట ఇంకో నాలుగు నిమిషాలు. అజెండాలో పదకొండు అంశాలుంటే పదకొండింటికీ పేరు రాయిస్తాడు.

ఆ మాటలన్నీ పొల్లుపోకుండా టైపు చెయ్యాల్సింది కౌన్సిల్ గుమస్తా డార్లీన్ కనేకో. పదహారేళ్ళుగా చేస్తోంది. చెత్తడిపో విస్తరణ గురించి మాట్లాడమంటే అంకుల్ తన మేక జబ్బు గురించి చెప్పాడు. పార్కు మరుగుదొడ్ల దగ్గరికొచ్చేసరికి పచ్చిబొప్పాయితో కోడిపులుసు ఎలా పెట్టాలో చెప్పాడు.

"ఇంతకీ మరుగుదొడ్లు కావాలంటారా, వద్దంటారా అంకుల్?" అన్నాడు ఛైర్మన్ మెడెరోస్ నీరసంగా.

"తిన్నవాడికి కావాలి కదయ్యా!"

డార్లీన్‌ని అన్నిటికంటే విసిగించేది ఆయన ముగింపు. "మురుగు కాలువ విషయంలో నా ఉద్దేశం ఏమిటంటే" అని మొదలుపెట్టి, ఠక్కున ఆపేసి వెళ్ళి కూర్చుంటాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, మతిమరుపేమోలే అని ఆమె సరిపెట్టుకునేది.

ఆ నెల అందరికీ ఓపిక అయిపోయింది. రాబోయే ఏడాది ఆర్థిక అంచనా వచ్చింది. టూరిస్టులు తగ్గారు, హోటళ్ళ పన్ను తగ్గింది, ఓడలో వచ్చే సిమెంటు ధర మాత్రం పెరిగింది. ఏదో ఒక పని కొట్టెయ్యక తప్పదు. దీవికి ఉత్తరం వైపు, ఒకసారికి ఒక్క కారే పట్టే ఒంటిదారి వంతెన పక్కన కట్టాల్సిన కాలిబాట మీద అందరి కన్నూ పడింది. హోటల్ గదులు శుభ్రం చేసే ఆడవాళ్ళు రోజూ ఆ వంతెన మీద కార్లని రాసుకుంటూ నడుస్తారు. వాళ్ళే వచ్చి అడక్కపోతే కాలిబాట ఆ పూటతో సరి.

సభ నాలుగింటికి, వాళ్ళు పని దిగేదీ నాలుగింటికే. కాలిబాట అజెండాలో చివరి అంశం. ఛైర్మన్‌కి మాత్రం ఉన్నట్టుండి జాలి పుట్టుకొచ్చింది.

"అంకుల్ పెద్దాయన. చివరిదాకా కూర్చోబెట్టడం ఏం మర్యాద? ఆయనకిష్టమైన కాలిబాటే ముందు తీసుకుందాం."

అంకుల్ మొహం పాలిపోయింది. "నాకేం తొందర లేదయ్యా!"

"మీ మొహమాటం మాకు తెలీదూ? రండి, రండి."

అంకుల్ లేచాడు. కళ్ళజోడు కోసం జేబులన్నీ వెతికాడు. అది ముక్కు మీదే ఉంది. మేక అయిపోయింది, పులుసు అయిపోయింది. ఆర్థిక అంచనా తెరిచి పట్టికలతో సహా చదవడం మొదలుపెట్టాడు. ఎర్రదీపం వెలిగి చాలాసేపైంది. గొంతు బొంగురుపోయింది.

"ఇక చాలు అంకుల్. మాట్లాడేవాళ్ళు ఇంకెవరూ లేరు కనక ఓటింగు పెడదాం," అన్నాడు ఛైర్మన్.

డార్లీన్ విసుగ్గా తలెత్తింది. అంకుల్ సభ్యుల వైపు చూడటం లేదు. కిటికీలోంచి ఎదుటి బస్‌స్టాపు వైపు చూస్తున్నాడు. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. పదహారేళ్ళుగా ఆయన వాక్యం తెగిన ప్రతిసారీ తలుపు తెరుచుకునేది. ఎవరో ఒకరు పని బట్టల్లోనే రొప్పుతూ వచ్చి పేరు రాయించేవాళ్ళు. ఇన్నేళ్ళూ ఈ మనిషినా తను తిట్టుకుంది! ఆమెకి చచ్చేంత సిగ్గేసింది.

బల్ల కిందకి వంగి రికార్డరు వైరు పీకేసింది.

"ఛైర్మన్‌గారూ, రికార్డరు ఆగిపోయింది. రికార్డు కాని ఓటు చెల్లదు."

"ఇప్పుడేనా! ఎంతసేపు పడుతుంది?"

"పాత యంత్రమండీ, చెప్పలేను." వైరు సర్దుతున్నట్టు అంకుల్ పక్కకి వచ్చి గొంతు తగ్గించింది. "వాళ్ళ బస్సు ఎక్కడుందంటారు?"

"వంతెన దగ్గరే ఉండుంటుందమ్మా. ఇటునుంచి ఐదు కార్లు వెళ్ళాక అటునుంచి ఐదు వదలాలిగా. మన డ్రైవరు ఎప్పుడూ ఆరోవాడే."

పావుగంటకి బస్సొచ్చింది. రికార్డరు కూడా బాగైపోయింది. తడిసిన బూట్లతో ఏడుగురు ఆడవాళ్ళు లోపలికొచ్చారు. ముందు నిలబడిన ఎర్లిండా మైకు పట్టుకుంది.

"పోయినవారం వానలో వంతెన మీద కారు అద్దం తగిలి మా చెల్లి మోచెయ్యి విరిగింది. మేం నడవడానికి మూడడుగుల చోటివ్వండి చాలు."

నిమిషం కూడా పట్టలేదు. ఒక్క ఓటు తేడాతో కాలిబాట నిలిచింది.

అందరూ వెళ్ళిపోయాక డార్లీన్ అడిగింది. "మీకు ట్రక్కుందిగా అంకుల్. ఆ వంతెన మీద నడిచే పనే లేదు. ఎందుకు మీకీ తిప్పలు?"

"వాళ్ళకి మాట్లాడటం వచ్చమ్మా. రావడానికే ఆలస్యమవుతుంది."

మర్నాడు పొద్దున రికార్డరు బాగుచేసే మనిషి వచ్చాడు. విప్పి చూశాడు, మళ్ళీ బిగించాడు, బుర్ర గోక్కున్నాడు.

"ఇందులో లోపమేం లేదు మేడమ్. నిన్న ఎందుకు ఆగిందంటారు?"

"పదహారేళ్ళు విందిగా," అంది డార్లీన్. "నిన్ననే అర్థమైనట్టుంది. కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురుగాని."