పడవ మీద లేనట, కాన్పు గదిలో ఉన్నానట

దయ్యాలు, దేవతలు, మహిమలు, వీటిలో ఏ ఒక్కదాని మీదా నాకు నమ్మకం లేదు. మా ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే మా నాయన వాళ్లను వేపమండల దగ్గరికి పోనివ్వకుండా రాయచోటిలో డాక్టరు దగ్గరికి పిలుచుకుపోయేవాడు. నేను ఆయన పెంచిన దాన్ని. కువైట్‌లో పనిచేసిన ఇళ్లలో కూడా ఎవరూ అడుగుపెట్టని గదులు, ఎవరూ పడుకోని మంచాలు చాలా తుడిచాను. దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు.

ఇప్పుడు ఇది రాస్తున్నది భయంతో కాదు, భక్తితో అసలే కాదు. కోపంతో రాస్తున్నాను. మా ఊళ్లో దీన్ని గంగమ్మ తల్లి మహిమ అని చెప్పుకుంటున్నారు. నాకు జరిగింది నేను చెప్పకముందే దేవుడి కథ అయిపోయింది. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పేరు రెడ్డెమ్మ. సల్వాలో ఒక కువైటీ కుటుంబం దగ్గర పనిచేసేదాన్ని. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అని పిలుస్తాం. నా పేరు పలకలేక ఆమె మొదటి రోజే నన్ను రీమా చేసేసింది. ఆమె తల్లిని చూసుకోవడం నా పని. ఆ ముసలామెను పెద్దమామా అనేదాన్ని. చక్రాల కుర్చీలోనే తిరిగేది, కొన్ని రోజులు మనిషిని గుర్తుపట్టేది, కొన్ని రోజులు పట్టేది కాదు. వంటింట్లో కడప నూర్జహాన్ అక్క ఉండేది. అంత పెద్ద ఇంట్లో నేను తెలుగు మాట్లాడేది ఆమెతోనే.

నాకు ఒక్కతే కూతురు, శిరీష. మా ఆయన పోయాక దాన్ని మా వదిన ఈశ్వరమ్మ చేతిలో పెట్టి గల్ఫ్ వచ్చాను. వదినే పెంచింది, వదినే పెళ్లి చేసింది. శిరీష కడుపుతో ఉందని తెలిసినప్పుడే మామాను సెలవు అడిగాను. దాని చదువుకు లేను, పెళ్లిలో నాలుగు రోజులు ఉండి వచ్చాను, తొలి కాన్పుకైనా పక్కన ఉండాలి.

"ఇన్‌షాల్లా రీమా, వేసవిలో వెళ్లు. టికెట్ నేనే తీస్తాను" అంది మామా.

ఆ మాట పట్టుకుని మెత్తటి తువ్వాళ్లు, పసిపిల్లల సబ్బులు, దోమతెర కొని పెట్టెలో సర్దుకున్నాను.

వేసవి వచ్చేసరికి మామా స్నేహితురాలు ఎవరో ఫ్రాన్స్‌లో నది మీద ఓడలో తిరిగి వచ్చింది. ద్రాక్షతోటల మధ్య నుంచి మెల్లగా పోయే ఓడ. సామాను ఒక్కసారి విప్పుకుంటే చాలు, మిగతా ఊళ్లన్నీ కిటికీ దగ్గరికే వస్తాయి, కుర్చీలో ఉండే ముసలివాళ్లకు కూడా ఇబ్బంది ఉండదు అని చెప్పిందట. ఆ ప్రయాణం అంతా వైన్ కోసం చేసేదే. వీళ్లు వైన్ ముట్టరు. అయినా వెళ్లాలి. ఫోటోలు చూసి మామాకు నిద్ర పట్టలేదు.

"మామా, నా సెలవు" అన్నాను.

"సెలవు ఎక్కడికి పోతుంది? తిరిగొచ్చాక వెళ్లు."

"కాన్పు ఆగదు కదా మామా."

"నీ కూతురికి డాక్టర్లు ఉన్నారు. మా అమ్మకు నువ్వు తప్ప ఎవరున్నారు? వీసాకు నీ పేరు కూడా ఇచ్చేశాను. ఖలాస్."

ఖలాస్ అంటే అయిపోయింది, ఇక మాట్లాడకు అని.

నూర్జహాన్ అక్కకు నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. "ఇంగోసారి అడుగు మే. బిడ్డ కానుపు కంటే పడవెక్కేది ముఖ్యమా ఈయమ్మకు?" అని నన్ను వంటింట్లోంచి తోసినంత పని చేసింది. వెళ్లి మళ్లీ అడిగాను. మామా ఒక సంచి నా చేతిలో పెట్టింది. లోపల బూడిద రంగు గౌను, దానికి తెల్ల కాలరు. ఇంట్లో ఎప్పుడూ నైటీ, స్కార్ఫే నా బట్టలు. యూరప్‌లో నలుగురిలో నేను పనిమనిషినని తెలియాలి కదా, అందుకని కొత్తగా కొన్నారు.

బోర్డో అనే ఊళ్లో ఓడ ఎక్కాం. ఆ గౌనులో ఒక్క ఫోటో కూడా ఇంటికి పంపలేదు. వీడియో కాల్ చెయ్యమని శిరీష అడిగితే సిగ్నల్ లేదని చెప్పాను. నన్ను అలా చూడటం నాకే ఇష్టం లేదు.

నది నీళ్లు చెయ్యేరులో వరద వచ్చినప్పటి నీళ్లలా మట్టిరంగులో ఉండేవి. రెండు వైపులా ద్రాక్షతోటలు, గీత గీసినట్టు వరసలు. అందంగా లేవని అనను. ఓడలో అందరూ తీరిగ్గా ఉండేవాళ్లు. గ్లాసు వెలుతురుకు ఎత్తి చూసేవాళ్లు, వాసన పీల్చేవాళ్లు, పుక్కిలించి ఒక పాత్రలో ఉమ్మేవాళ్లు. వాళ్లు పోటీపడి విశ్రాంతి తీసుకుంటుంటే నేను పెద్దమామా నోరు తుడుస్తూ, గొడుగు పట్టుకుంటూ, లోపల ఉడికిపోతూ ఉండేదాన్ని. ఎదురైన ప్రతివాళ్లూ నన్ను చూసి నవ్వేవాళ్లు, ఈమె ఎంత అదృష్టవంతురాలో అన్నట్టు.

ఆ రోజు ఉదయం వదిన ఫోన్ చేసింది.

"ఉమ్మనీరు పోయింది మే. ఇంగా దినాలుండాయన్న్యారు గానీ, ఇప్పుడే నర్సింగ్ హోముకు తెచ్చినాం. పాప అమ్మ కావాలంటాంది. నేనేం చెప్పేది దానికి?"

మామా దగ్గరికి పోయి, నన్ను పంపించెయ్యమని అడిగాను. ఆమె చేతులకు క్రీమ్ రాసుకుంటోంది.

"ఎక్కడికి పంపను రీమా? నదిలోకి దూకుతావా? దువా చెయ్యి, దేవుడు చూసుకుంటాడు" అంది. తర్వాత నా ఫోన్ తీసుకుని తన సంచిలో వేసుకుంది. ఫోన్ చూస్తూ కూర్చుంటే వాళ్ల అమ్మను ఎవరు చూస్తారట.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దమామాను పైన డెక్ మీదికి తీసుకెళ్లాను. పందిరి కింద కుర్చీ ఆపి, చక్రాలకు బ్రేకు వేసి, పక్కన నేను కూర్చున్నాను. ఓడ కదులుతోంది. పళ్లు బిగబట్టి దవడలు నొప్పి పుట్టాయి.

"ఏడుస్తున్నావా?" అని అడిగింది పెద్దమామా.

"లేదు. నా కూతురు కాన్పులో ఉంది. నేనిక్కడ నీ పక్కన కూర్చుని తోటలు చూస్తున్నాను" అన్నాను. అంత కటువుగా ఆమెతో అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమె నా మొహం వైపు చూసింది. "రూహీ" అంది. అంటే అరబ్బీలో, వెళ్లు అని.

ఎక్కడికని వెళ్తాను? కదల్లేదు. ద్రాక్షతోటల వైపు తిరిగాను. ఒక వరస పోయింది, ఇంకో వరస వచ్చింది.

ఆ తర్వాత నాకు తెలిసింది మామా అరుపులు. ఆమె నా ఎదురుగా నిలబడి ఉంది. ఆమె వెనక ఓడవాళ్లు, వాళ్ల వెనక గ్లాసులు పట్టుకున్న ముసలివాళ్లు. ఓడ ఆగి ఉంది. పందిరి నీడ మా మీద నుంచి జరిగిపోయి, పెద్దమామా మొహం ఎండకు ఎర్రబడి ఉంది.

వాళ్లు చెప్పింది ఇది. మామా పైకి వచ్చేసరికి తల్లి ఒంటరిగా ఉంది. నా కుర్చీ ఖాళీ. కింద గదులు, బాత్రూములు, వంటగది, అన్నీ వెతికారు. మైకులో పిలిచారు. నీళ్లలో పడ్డానేమోనని ఓడ ఆపి రెండు వైపులా చూశారు. మళ్లీ పైకి వచ్చి చూస్తే అదే కుర్చీలో కూర్చుని ఉన్నాను.

"ఎక్కడ దాక్కున్నావు?" అని మామా.

"ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నాను" అన్నాను. అది నిజం. నాకు తెలిసినంతవరకు నేను లేవనే లేదు.

నిద్రపోయానేమో అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. నిద్రపోతే కుర్చీలో కనబడాలి కదా. ఓడలో పనిచేసే ఒకామె దగ్గరికి వచ్చి, అడగకుండానే నా భుజం పట్టుకుని చూసింది. అంతకుముందు ఆ ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడి అందరినీ పిలిచింది ఆమేనట.

పెద్దమామా ఒక్కతే నెమ్మదిగా ఉంది. "దాన్ని తిట్టకు. నేనే పొమ్మన్నాను. కూతురి దగ్గరికి పోయి వచ్చింది" అంది. నా వైపు తిరిగి, "వలద్? బింత్?" అని అడిగింది. కొడుకా, కూతురా అని.

అమ్మకు మతి లేదులే అని మామా ఓడవాళ్లకు ఇంగ్లీషులో సర్దిచెప్పింది. నాకు మాత్రం ఫోన్ ఇక కువైట్‌లోనే ఇస్తానని చెప్పింది. అది శిక్ష.

సాయంత్రం అందరూ తింటుండగా నూర్జహాన్ అక్క మామాకు ఫోన్ చేసింది. ఊరి నుంచి ఎవరో ఆమెకు కబురు చెప్పారట. మామా బల్ల దగ్గరి నుంచి లేవకుండానే నాతో చెప్పింది: "మగపిల్లాడు. ఇద్దరూ బాగున్నారు. చూశావా, నువ్వు లేకపోతే ఏం ఆగింది?"

పెద్దమామా చేతికి స్పూను అందిస్తున్నాను. అందించాను. ఆ ప్రయాణం మొత్తంలో నేను చేసిన అతి కష్టమైన పని అది.

సల్వా ఇంటికి తిరిగి వచ్చాక మామా ఫోన్ చేతికిచ్చింది. వంటింట్లో నిలబడి, నూర్జహాన్ అక్క పక్కన ఉండగా, వదినకు చేశాను. ఆమె గొంతు పలకరింపులా లేదు.

"నీకు బుద్ధుండాదా రెడ్డెమ్మా? వచ్చినదానివి ఒక మాట చెప్పి పోగూడదా? నీకు అన్నం తెచ్చేలోపల మాయమైపోతివి. నర్సింగ్ హోమంతా ఎతికినా."

"ఎవరొచ్చినారు వదినా?"

"ఎవరేంది, నువ్వే. నీతో నేను మాట్లాడలేదా?"

అరిచాను. నేను ఫ్రాన్స్‌లో ఉన్నానని, ఎవరినో చూసి నేననుకున్నావని. వదిన కూడా అరిచింది. "ఆ బూడిద గౌనేంది, తెల్ల కాలరేంది? పొద్దన నేను ఫోన్ చేసినప్పుడే దారిలో ఉండావేమో, బట్టలు గూడా మార్చుకోకుండా పరిగెత్తుకోని వచ్చినావనుకున్యా" అంది.

నూర్జహాన్ అక్క చేతిలో గరిట ఆగిపోయింది. ఆ గౌను అప్పుడు వాషింగ్ మెషీన్‌లో తిరుగుతోంది.

వదిన చెప్పింది ఇదీ. సాయంకాలం శిరీషకు రక్తం ఆగకుండా పోతోంది. నర్సు ఇంకా టైముందని చెప్పి బయటికి పోయింది. వదిన గది బయట ఉంది. అప్పుడు నేను వరండాలో నుంచి వచ్చానట. లోపలికి పోయి, బయటికి వచ్చి, డాక్టరమ్మ గది తలుపు కొట్టి, అక్కడున్న అందరి ముందర గొంతెత్తి అరిచానట. "మధ్యలో యల్లా యల్లా అంటాండావు. డాక్టరమ్మను చెయ్యి పట్టుకోని లాక్కోనొచ్చినావు. ఇంగ కొంచేపు ఆలస్యమైంటే పాప దక్కేది కాదని ఆయమ్మే చెప్పింది నాకు" అంది వదిన. యల్లా అంటే అరబ్బీలో, తొందరగా పదండి అని.

ఫ్రాన్స్‌లో మధ్యాహ్నమైతే రాయచోటిలో సాయంకాలం. ఆ లెక్క వేసింది నూర్జహాన్ అక్క. నేను వెయ్యలేదు.

శిరీష ఫోన్ తీసుకుంది. దానికి నా మీద కోపం లేదు. "నువ్వు నా తల నీ ఒళ్లో పెట్టుకున్నావు కదమ్మా. పిల్లోన్ని నాకంటే ముందు నువ్వే చూసినావు. ఏమిటికి లేదంటావు?" అంది. లేదంటే ఏడుస్తుంది. అవునంటే అబద్ధం. "పిల్లోనికి పాలు పట్టు" అని ఫోన్ పెట్టేశాను.

పెద్దమామాను అడిగాను. ఆ రోజు నేను నీ పక్కన ఉన్నానా, లేనా అని. ఆమె నవ్వి, ఏ ఓడ అంది.

చలికాలంలో సెలవు ఇచ్చారు. వెళ్లాను. వదిన ముందు పాస్‌పోర్ట్ పెట్టి, ఫ్రాన్స్ స్టాంపులు చూపించాను. తేదీలు చదివి, పుస్తకం మూసి, లేచి వెళ్లి చాలాసేపు పెరట్లో నిలబడింది. ఆమె కళ్లతో ఆమె చూసింది, నా పాస్‌పోర్ట్ నాది, మా ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పేవాళ్లు కాదు. ఊళ్లో గంగమ్మ మాట పుట్టింది ఆ తర్వాతే.

ఇంకా అనుమానం తీరక ఆ నర్సింగ్ హోముకు కూడా పోయాను. నేను నోరు విప్పకముందే నర్సు నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "ఈరోజు మెల్లగా మాట్లాడు పెద్దమ్మా. ఆ రోజు నువ్వు తిట్టిన తిట్లు నేను మర్చిపోలేదు" అంది. ఏం తిట్టానని అడిగాను. చెప్పడానికి సిగ్గుపడింది.

సల్వా ఇంట్లో పని మానేశాను. ఇప్పుడు కువైట్‌లోనే, అబూ హలీఫాలో ఒక మలయాళీ కుటుంబం దగ్గర ఉన్నాను. తెలిసినవాళ్లు ఈ కథ విని, నీ ప్రేమ అంత గొప్పది అంటారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఆ రోజు నా లోపల ప్రేమ లేదు, ఒట్టి కోపమే ఉంది. ఆ ఓడను, ఆ గ్లాసులను, ఆ తీరిక మొత్తాన్ని ముంచేయాలన్నంత కోపం.

ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. ఓడ మీద నేను లేనని అందరూ చూశారు. కాన్పు గదిలో ఉన్నానని అందరూ చూశారు. అడగవలసిన ఒక్క మాట మాత్రం ఎవరూ అడగరు. అక్కడ ఉన్నది నేనే అయితే, నా మనవడి మొదటి ఏడుపు నా చెవిన పడి ఉండాలి. కళ్లు మూసుకుని ఎంత వెతికినా నాకు ఓడ ఇంజిన్ చప్పుడే వినిపిస్తుంది.