స్లైడు మీద కదిలిన చెయ్యి

2002 వేసవిలో మా కంపెనీ నన్ను పీణ్య యూనిట్ నుంచి బొమ్మసంద్ర కర్మాగారానికి సేఫ్టీ ఆఫీసరుగా బదిలీ చేసింది. వాహనాలకు కావలసిన చిన్న చిన్న రేకు విడిభాగాలు తయారయ్యే చోటు అది. సేఫ్టీ ఆఫీసరుకు హోదా ఉంటుంది గానీ చేతికింద మనుషులుండరు. చట్టం ప్రకారం ఉండి తీరాలి కాబట్టి ఉంటాడు. ప్రొడక్షన్ వాళ్ళ దృష్టిలో ఆయన పని ఆపించడానికి జీతం తీసుకునే మనిషి. ఆ చూపుకు నేను అప్పటికే అలవాటు పడి ఉన్నాను.

చేరిన కొద్ది వారాలకే ప్రెస్ షాపులో ప్రమాదం జరిగింది. మునిరాజు అనే ఆపరేటర్‌కు ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి.

ప్రెస్ అనే ఈ మెషిన్ ఎలా పనిచేస్తుందో ఇక్కడ కొంచెం చెప్పాలి. ర్యామ్ అనే బరువైన ఇనుప దిమ్మ పైనుంచి దిగి, కింద అచ్చులో పెట్టిన రేకును ఒక్క దెబ్బతో కోస్తుంది. ఆ సమయంలో ఆపరేటర్ చేతులు లోపల ఉండకూడదు కాబట్టి ముందువైపు దూరదూరంగా రెండు బటన్లు పెడతారు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే ర్యామ్ దిగుతుంది. ఒక్కసారి దిగి, పైకి వెళ్ళి, అక్కడే ఆగాలి. కొందరు ఆపరేటర్లు పని త్వరగా సాగాలని ఒక బటన్‌ను నొక్కి ఉంచి గుడ్డతో కట్టేసి, ఒంటిచేత్తో నడుపుతారు. అలా చేసినట్టు విచారణలో రుజువైతే ఉద్యోగం పోతుంది.

ఆ రోజే ప్రెస్‌కు కరెంటు తీయించి, స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి నా దగ్గర ఉంచుకున్నాను. తర్వాత ఆస్పత్రికి వెళ్ళాను.

మునిరాజుది సర్జాపుర పక్క ఊరు. తాతల నాటి నుంచి అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని, అడిగినదానికి మెల్లగా జవాబు చెప్పాడు.

“రెండు బటన్లూ ఒత్తినాను సార్. ర్యామ్ దిగి పైకి పోయింది. పీసు తీద్దామని చెయ్యి పెట్టినాను. మళ్ళా దిగింది.”

గుడ్డ సంగతి అడిగాను. నూనె తుడుచుకునే గుడ్డ అందరికీ ఉన్నట్టే తనకూ ఉందని, దాన్ని మెషిన్ మీదే పెడతానని, బటన్‌కు మాత్రం కట్టలేదని చెప్పాడు. నేను ఆ మాట రాసుకున్నాను గానీ పూర్తిగా నమ్మలేదు. దెబ్బ తగిలినవాడు తప్పు తనది కాదనే చెబుతాడు. యాజమాన్యమూ అదే చెబుతుంది. రెండువైపులా అనుమానించడమే నా ఉద్యోగం.

విచారణ కమిటీలో ముగ్గురం: ప్రొడక్షన్ మేనేజర్ శ్రీధరమూర్తి, సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసర్, నేను. మొదటి సమావేశానికి ప్లాంట్ హెడ్ కూడా వచ్చి కూర్చున్నారు. శ్రీధరమూర్తి కొత్తగా కొన్న ప్రొజెక్టర్ పెట్టించి, స్లైడ్లు వేశాడు. మూడు స్లైడ్లలో మెషిన్ వివరాలు. నాలుగోదానిలో బొమ్మ కదిలింది.

గీసిన బొమ్మే. ప్రెస్ ముందు ఒక మనిషి. ఎడమ బటన్‌కు ఎర్రటి గుడ్డ కట్టి ఉంది. కుడిచెయ్యి రెండో బటన్ నొక్కుతుంది, ఎడమచెయ్యి లోపలికి వెళుతుంది, ర్యామ్ దిగుతుంది. వెంటనే మళ్ళీ మొదటి నుంచి. శ్రీధరమూర్తి మాట్లాడుతున్నంతసేపూ ఆయన వెనక ఆ చెయ్యి లోపలికి పోతూనే ఉంది. పర్సనల్ ఆఫీసర్ కాసేపటికి తల దించుకున్నాడు. ప్లాంట్ హెడ్ మాత్రం కళ్ళు తిప్పకుండా చూసి, ఇంతకంటే స్పష్టంగా ఏం కావాలని అడిగారు. నిజానికి ఆయన చూసింది ప్రమాదాన్ని కాదు, అయినా అందరూ ప్రమాదాన్నే చూసినట్టు లేచారు.

మర్నాడు ఆ స్లైడ్ల ప్రింటు నా బల్ల మీదికి వచ్చింది, సంతకం కోసం. నాలుగో పేజీ చూసి ఆగిపోయాను. అందులో ఒక మనిషి ప్రెస్ ముందు రెండు చేతులూ రెండు బటన్ల మీద పెట్టి నిలబడి ఉన్నాడు. అంతే. గుడ్డ లేదు, లోపలికి పోయే చెయ్యి లేదు. నిన్న మేం నమ్మినదేదీ ఈ కాగితంలో లేదు. కాగితమేమో భద్రంగా ఫైల్లో ఉంటుంది.

నా అనుమానం శ్రీధరమూర్తి మీదికి మళ్ళింది. ప్రెస్ షాపు మెషిన్ల మరమ్మతు ఆయన బాధ్యతే. తప్పు మెషిన్‌దైతే సంజాయిషీ ఆయన ఇచ్చుకోవాలి. పైగా రోజుకోసారి తాళం తీయమని కబురు పెడుతున్నాడు. మెషిన్‌ను ఎవరికీ తెలియకుండా బాగుచేయించాలని చూస్తున్నాడేమోనని, నేను భోజనానికి వెళ్ళేటప్పుడు కూడా ప్రెస్ షాపు మీదుగా వెళ్ళి తాళం లాగి చూసేవాణ్ణి.

బొమ్మ తయారుచేసింది ట్రైనింగ్ సెక్షన్‌లో కంప్యూటర్ నేర్పే రూత్ గారు. గుంటూరు ఆవిడ, పనిలో నిదానం. ప్రింటు చూపించి అడిగితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. జిఫ్ అనే ఆ రకం బొమ్మ నిజానికి ఒక బొమ్మ కాదట. కొన్ని బొమ్మలు ఒకే ఫైల్లో వరుసగా ఉంటాయి, ఒక్కోటి ఎంతసేపు కనిపించాలో చెప్పి పెడతారు. మామూలు ఫోటోను చొప్పించినట్టే స్లైడులో చొప్పిస్తారు. తెర నిండా స్లైడ్లు నడిపినప్పుడే కదులుతుంది. దిద్దుకునేటప్పుడు, ప్రింటు తీసేటప్పుడు మొదటి బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది.

అయితే మొదటి బొమ్మలో గుడ్డ ఎందుకు లేదని అడిగాను. ఆవిడ ఫైలు తెరిచి, బొమ్మలన్నీ వరుసగా పరిచి చూపించింది.

“ముందు గుడ్డ లేదు సార్. చెయ్యి పెట్టాడు, ర్యామ్ దిగింది, అంతే గీశాను. అది చూసి మూర్తి సార్, ఊరికే ఎలా దిగుతుందమ్మా, బొమ్మ అర్థంకావడం లేదన్నారు. గుడ్డ కడతారు కదా, అది పెట్టమన్నారు. మిగతావాటిలో పెట్టాను. మొదటిదానిలో మర్చిపోయాను. తెరమీద అది రెప్పపాటే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.”

గుడ్డ కట్టి ఉండగా చూసినవాళ్ళెవరూ లేరు. బొమ్మ కదలాలంటే దానికొక కారణం కావలసి వచ్చింది, ఆ కారణం అలా పుట్టింది.

దీన్ని కమిటీ ముందు పెట్టేలోగా ఇంకొకటి జరిగింది. నేను ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు వెళ్ళిన పూట మునిరాజును పిలిపించి, బొమ్మ చూపించి, వాంగ్మూలం తీసుకున్నారు. గుడ్డ కట్టి ఉంటానని ఒప్పుకున్నాడు. సంతకం కూడా చేశాడు.

బెదిరించారనే అనుకున్నాను. ఆ సాయంత్రమే మునిరాజు ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, గుమ్మం దగ్గర నిలబడింది. ఎవరు ఏమన్నారో దాచకుండా చెప్పమన్నాను. ఎవరూ గట్టిగా కూడా మాట్లాడలేదని, మూర్తి సార్ కూర్చోబెట్టి టీ తెప్పించారని చెప్పాడు.

“మరి ఆస్పత్రిలో అలా ఎందుకు చెప్పావు?”

“అప్పుడు అట్లే అనిపించింది సార్. ఆ బొమ్మలో గుడ్డ ఉండాది కదా. దాన్ని చూసినప్పుడు, నేనే కట్టినానేమో అనిపించింది. ఇప్పుడు కండ్లు మూస్తే అదే కనిపిస్తా ఉండాది.”

“ఏం మనిషివప్పా నువ్వు, చేసింది చెయ్యంది నీకే తెలియదా?” అని ఆయన భార్య అంది. మునిరాజు తన చేతికేసి చూసుకున్నాడు.

బెదిరించి ఉంటే నాకు దారి తెలిసేది. ఇక్కడ అబద్ధం చెబుతున్నవాడు ఎవడూ లేడు. మునిరాజు ఆస్పత్రిలో చెప్పిన మాట నమ్మాలో, ఇప్పటి మాట నమ్మాలో తేల్చగలిగింది మెషిన్ ఒక్కటే.

పరీక్షకు ప్లాంట్ హెడ్ అనుమతి అడిగాను. నిందితుడు ఒప్పుకున్నాక పరీక్ష దేనికన్నారు. ప్రింటులోని నాలుగో పేజీని ఆయన ముందు పెట్టి, మనం చూసింది ఇందులో చూపించమని అడిగాను. ఆయన పేజీని కాసేపు చూసి అనుమతి రాశారు.

కమిటీ ముగ్గురమూ ఉండగా తాళం తీశాను. చేతికి బదులు అచ్చు మధ్యలో పెట్టి తీయడానికి, ఒక చెక్క కర్రను హెల్పర్ చేత పొడుగాటి పటకారుతో పట్టించాను. మెయింటెనెన్స్ ఫోర్‌మన్ రెండు బటన్లూ నొక్కడం, ర్యామ్ దిగి పైకి వెళ్ళి ఆగడం, అప్పుడు కర్ర లోపలికి పెట్టి తీయడం. మళ్ళీ అదే. ఎన్నిసార్లు నొక్కినా ర్యామ్ బుద్ధిగా పైనే ఆగింది. శ్రీధరమూర్తి గడియారం చూసుకున్నాడు. నేనే పొరబడ్డానేమో, ఒక మనిషి నిజంగానే చేసి ఒప్పుకున్న తప్పును కాదనిపించాలని చూస్తున్నానేమో అనిపించసాగింది. టీ బెల్లు కొట్టారు. అయినా కానిమ్మన్నాను.

టీ అయ్యాక కాసేపటికి, ఫోర్‌మన్ చేతులు బటన్ల మీద నుంచి తీసి ప్యాంటుకు తుడుచుకుంటుండగా, ర్యామ్ మళ్ళీ దిగింది. కర్ర రెండు ముక్కలైంది.

శ్రీధరమూర్తే ముందుకెళ్ళి స్విచ్ ఆపాడు. “దీన్ని విప్పించండి. నా ముందరే విప్పించండి,” అన్నాడు.

విప్పితే, ర్యామ్‌ను తిరిగే చక్రానికి కలిపి విడదీసే క్లచ్‌ను వెనక్కి లాగే స్ప్రింగు విరిగి ఉంది. విరిగిన ముక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని చాలాసార్లు సరిగ్గానే పనిచేస్తాయి. ఎప్పుడో ఒకసారి జారితే క్లచ్ విడిపోక, ర్యామ్ తనంతట తాను రెండోసారి దిగుతుంది. ప్రెస్ షాపు భాషలో దాన్ని డబల్ హిట్ అంటారు. ఇంతకాలం నేను అనుమానించిన మనిషి, తన సెక్షన్ మరమ్మతులో లోపమని అక్కడే నిలబడి రిపోర్టు రాసి సంతకం పెట్టాడు. బొమ్మను ఆయన మోసంగా చేయించలేదు. తానూ దాన్ని నమ్మాడు.

మునిరాజు మీది అభియోగం ఎత్తేశారు. టూల్ స్టోర్స్‌లో ఉద్యోగం ఇచ్చారు. ఆయన ఆ రోజు నిజంగా గుడ్డ కట్టాడా లేదా అన్నది మాత్రం తేలలేదు. పరీక్ష చెప్పింది ఒక్కటే, కట్టకపోయినా వేళ్ళు పోయేవని.

కొన్నేళ్ళ తర్వాత కొత్త ట్రైనీలకు ఆయన తన కథ చెబుతుంటే విన్నాను. గుడ్డ కట్టుకుని చేసినాను, మీరు అట్లా చేయొద్దండి, అంటున్నాడు. పక్కకు పిలిచి స్ప్రింగు సంగతి గుర్తుచేశాను. “అట్లే సార్,” అని మర్యాదగా తల ఊపాడు. నమ్మినట్టు కనిపించలేదు.

ఆ ప్రమాదం తర్వాత నేను పనిచేసిన ప్రతి యూనిట్‌లోనూ ఒక నియమం రాయించాను. గాయపడినవాళ్ళ మాట పూర్తిగా రాసుకునే దాకా వాళ్ళకు ఏ బొమ్మా చూపకూడదు. విచారణ స్లైడ్లలో దొరికిన వస్తువుల ఫోటోలే ఉండాలి, కదిలే బొమ్మలు ఉండకూడదు. ఇది సాంకేతికత మీద కోపంతో పెట్టింది కాదు. శిక్షణ క్లాసుల్లో రూత్ గారి బొమ్మలు నేనే వాడుకున్నాను, బాగా పనికొచ్చాయి. కానీ బొమ్మ చూశాక ఒక మనిషి చెప్పేది, తనకు జరిగినదా, మనం చూపించినదా అని వేరుచేసే పద్ధతి నా సర్వీసు మొత్తంలో నాకు దొరకలేదు. దొరకనప్పుడు చేయగలిగింది ముందు అడగడం, తర్వాత చూపించడం.