గొట్టానికి పడిన చిల్లు

డిగ్రీ రెండో ఏట నాకు రక్తంలో జబ్బు వచ్చింది. మందులు ఎక్కించడానికి హైదరాబాద్ దవాఖానలో నా ఛాతీలోంచి పెద్ద నరంలోకి మెత్తని సన్నగొట్టం వేసి పంపారు. జానెడు ముక్క బయట వేలాడేది. మా ఊరు పాన్‌గల్‌లో మమ్మల్ని పలకరించడానికి వచ్చిన వాళ్ల చూపంతా దాని మీదే. అందుకే చున్నీ జారకుండా పిన్నీసులు పెట్టుకునేదాన్ని.

ఒక పొద్దున అమ్మ, నర్సు నేర్పినట్టే, గొట్టంలోకి సిరంజితో ఉప్పునీళ్లు ఎక్కిస్తుంటే గొట్టం మధ్యలోంచి చిన్న చుక్క బయటికి ఉబికింది. పిన్నీసు గుచ్చుకుందని నాకు అర్థమైంది. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. అమ్మ మాత్రం, చేనులో నీళ్ల పైపును సాలు మార్చేటప్పుడు మడిచినట్టే, చిల్లుకూ నా ఒంటికీ మధ్య గొట్టాన్ని మడిచి, గాజుగుడ్డ చుట్టి, పిడికిట్లో బిగించింది. పక్కింటి ఫోన్‌తో దవాఖానవాళ్లను అడిగితే, వదలకుండా అట్లాగే పట్టుకుని వెంటనే రమ్మన్నారు.

గొట్టం బాగుపడకపోతే మళ్లీ కోసి కొత్తది వేయాలి. మొదటి కోత నొప్పే నేనింకా మర్చిపోలేదు. వనపర్తిలో బస్సెక్కినప్పటి నుంచి అదే భయం.

చున్నీ కింద అమ్మ చెయ్యి చూసి పక్క సీటు ఆమె అడిగింది: “ఏందక్కా, ఇంత పెద్దపిల్లను గట్ల పట్టుకున్నవ్?”

“ఇడిస్తె ఉర్కుతది,” అంది అమ్మ.

దవాఖానలో డాక్టరు గొట్టానికి క్లిప్పు పెట్టి, “ఇంక వదులమ్మా,” అన్నాడు. వేళ్లు కొయ్యబారి అమ్మకు వెంటనే విప్పడం రాలేదు.

“మడిచింది నువ్వేనా? మంచి పని చేశావు. లేకుంటే గాలి లోపలికి పోయేది. అసలు ఏం గుచ్చుకుంది?”

అమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. “పిన్నీసు సార్.”

“దొంగదానా! పొద్దుగాల సంది నా చేతుల్నే తిట్టుకుంటున్న, నేనే ఏమన్న జేసిన్నా అని!”

డాక్టరు మందుతో తుడిచి, చిల్లు పడిన ముక్కను కత్తిరించి, మిగిలినదానికి కొత్త ముక్క అతికించి, జిగురు పట్టేలా అతుకు మీద తొడుగు వేశాడు. సాయంత్రం దాకా ముట్టొద్దన్నాడు. అక్కడే ఒక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను.

సాయంత్రం ఆయన గొట్టానికి సిరంజి పెట్టి లాగాడు. ముదురు రక్తం తేలిగ్గా వచ్చింది. నెమ్మదిగా ఉప్పునీళ్లు పంపాడు. అతుకు పొడిగానే ఉంది.

“మళ్లీ కోసే పని లేదు.”

వారాలుగా అన్నం చూస్తేనే వాంతి వచ్చే నాకు ఒక్కసారిగా కడుపులో మంట పుట్టింది. “ఆకలైతుందమ్మా,” అన్నాను. అమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.