సోడా డ్రమ్ములో ఇంజన్ హెడ్

నాకు నోరెక్కువని మా అత్తగారింట్లో అందరూ అంటారు. నిజమే, కాదనను. అలాంటి నేను ఒక ఆదివారం మధ్యాహ్నం నోరు మూసుకుని ఊరకే నిలబడ్డాను. ఇప్పటికీ అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

మాది వరంగల్‌లో జంపఖానాలు నేసేవాళ్ళ వాడ. మా ఆయన మగ్గం మానేసి ఆటో నడుపుతాడు. నేను మాత్రం పుట్టింటి పని వదల్లేదు, నూలుకు రంగులు వేస్తాను. ఆ రోజు ఆటో పొగ కక్కుతోందని ఆయన ఇంజన్‌ను మా వాకిట్లోనే విప్పాడు. తెల్లవారితే ఇంటర్ పరీక్షలు. మా వాడలోని ముగ్గురు ఆడపిల్లలను హసన్‌పర్తిలో పరీక్ష రాసే కాలేజీకి దింపుతానని మాటిచ్చి ఉన్నాడు. విప్పిన సామానంతా బేసిన్లో వేసి డీజిల్ పోశాడు. ప్యాకింగులు కొనుక్కు రావడానికి బయలుదేరుతూ, "వాటిని ముట్టకు. వచ్చినంక నేనే కడుగుత" అన్నాడు.

ముట్టకు అంటేనే నా చెయ్యి దురద పెడుతుంది. పైగా ఆయన విప్పేటప్పుడు నల్లటి జిడ్డు చింది, దండెం మీది నా తెల్ల నూలుకు అంటుకుంది. చూడగానే ఒళ్ళు మండింది. పక్కనే పొయ్యి మీద, నూలు ఉడకబెట్టడానికి కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు ఇనుప డ్రమ్ములో మరుగుతున్నాయి. నూలు జిడ్డును లాగే సోడా ఇంజన్ జిడ్డును లాగదా అనిపించింది. ఆయన పొద్దుగూకేదాకా రుద్దే పని నేను అరగంటలో చేసి చూపిద్దామనుకున్నాను.

ముందు గొలుసు, పళ్ళ చక్రాలు వేశాను. పట్టకారుతో తీసి నీళ్ళలో ముంచితే సాన పట్టిన కొడవలిలా మెరిశాయి. ఇక నా గర్వానికి పట్టపగ్గాల్లేవు. ఇంజన్‌కు పైమూతలా ఉండే హెడ్‌ను కూడా అందులో వేసి, దండెం మీది నూలు తీయడానికి వెళ్ళాను.

వచ్చేసరికి డ్రమ్ము బుసబుస పొంగుతోంది.

సోడా నీళ్ళు సత్తు గిన్నెలో, అంటే అల్యూమినియం గిన్నెలో, పోస్తే గిన్నెనే తినేస్తాయని మా నాన్న నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చెప్పేవాడు. ఆ హెడ్ కూడా సత్తేనని అప్పుడు తట్టింది. మసిపట్టి నల్లగా ఉంటే, ఇంజన్ అంటే అంతా ఇనుమేనని అనుకున్నాను. రంగులవాళ్ళ ఇంట పుట్టి నేనే ఆ తప్పు చేశాను. గబగబా బయటికి తీసి కడిగితే, నున్నగా ఉండాల్సిన ముఖం నిండా సన్నటి గుంటలు. ఏం చేస్తున్నానో ఆలోచించకుండా, మెరుస్తున్న చక్రాలతో సహా అన్నింటినీ మళ్ళీ ఆ నల్లటి డీజిల్లోకే వేశాను.

మా ఆయన వచ్చి హెడ్ ఎత్తి గుంటలను వేలితో గీకి చూశాడు. విప్పినప్పుడు మసి కింద కనబడలేదనుకున్నాడు. దాన్ని నెల కిందట పాత సామాన్లలో వెతికి తెచ్చి బిగించింది మా వాడ చివర ఉండే ముసలి మెకానిక్. మా ఆయనకు ఆటో నేర్పింది కూడా ఆయనే. చిన్నాన్న అన్నట్టు చిచ్చా అని పిలుస్తాం. "చిచ్చా నన్ను ముంచిండు" అంటూ మా ఆయన ఫోన్ తీసి, వెంటనే రమ్మన్నాడు.

చిచ్చా వచ్చేలోపు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే వాడలో అందరూ వినేలా మా ఆయన అరుస్తాడని భయం. నలుగురిలో మాట పడాలన్న భయం, అంతే. దాని కోసం ఒక పెద్దమనిషి పేరు పోతుంటే చూస్తూ ఉన్నాను.

చిచ్చా వచ్చి హెడ్‌ను వేళ్ళతో తడిమాడు. తల తిప్పి డ్రమ్ము వైపు చూశాడు. సోడా నీళ్ళ మీద నల్లటి జిడ్డు తెట్టె కట్టి ఉంది. తర్వాత నన్ను చూశాడు. నేను నేల చూపులు చూశాను.

"నెల రోజులకే ఇట్లైతదా చిచ్చా? ఏం సరుకు దెచ్చి పెట్టినవ్?" అన్నాడు మా ఆయన.

"జర ఆగు బిడ్డా. ఏడనో పొరపాటైంది. దుకాన్ల ఇంకోటున్నది, పొద్దుగూకేలోపు బిగిస్త."

"పొరపాటు గాదు, దొంగతనం. నమ్మినోని గొంతు కోసినవ్."

చిచ్చా హెడ్‌ను బేసిన్ పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. నా పేరు బయటపెట్టడులే అని మొదట ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఆయన గాదు. నేనే సోడాల ఏసిన" అన్నాను.

మా ఆయన అరుస్తాడని కాచుకున్నాను. అరవలేదు. "పోనియ్యి బిడ్డా, అది సత్తని ఆమెకేం ఎరుక?" అన్నాడు చిచ్చా.

"నువ్వు రాకముందే నాకు ఎరుకైంది చిచ్చా" అన్నాను.

చిచ్చా తన దుకాణం నుంచి ఇంకో హెడ్ తెచ్చి బిగిస్తుంటే, అడిగిన పానా అడిగినట్టు మా ఆయన అందించాడు. పొద్దుగూకే వేళకు ఇంజన్ అందుకుంది. తెల్లవారి పిల్లలు వేళకే పరీక్షకు వెళ్ళారు.

కానీ ఆ ఆదివారం సాయంత్రం, చిచ్చా వెళ్ళిపోయాక, మా ఆయన చేతులు కడుక్కోవడానికి వాకిట్లో కూర్చున్నాడు. నా వైపు తిరగకుండానే అన్నాడు. "ముందుగాల జెప్తే నిన్ను నాలుగు తిట్టి ఊకుంటుంటి. నాతోని ఆయనను దొంగ అనిపిస్తివి."

చెంబుతో ఆయన చేతుల మీద నీళ్ళు పోస్తూ నిలబడ్డాను.