మా ఇంటి ఆరో వేలు

పోయిన నెల కంటి పరీక్షకని తిరుపతి వెళ్లి ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు, నా పక్కనే చంటిబిడ్డతో ఉన్న ఒక పడుచు జంట నర్సమ్మ అడిగినదానికల్లా గట్టిగా జవాబులు చెబుతున్నారు. తమది మేనరికమనీ, చిన్నాయనకు చూపు లేదనీ, అవ్వకు కిడ్నీలు పాడైనాయనీ పదిమంది వింటుండగా ఏమాత్రం జంకు లేకుండా చెప్పేశారు. వాళ్లకు లేని సిగ్గుతో నేనే ముడుచుకుపోయాను. ఆ సిగ్గు ఎందుకో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు గనుక ఇప్పుడు చెబుతున్నాను.

మా పెద్దలు కార్వేటినగరం సంస్థానంలో కొలువు చేసినవాళ్లు. నాకు బుద్ధి తెలిసేసరికి కొలువూ లేదు, భూములూ లేవు. మిగిలిందల్లా సగం కూలిన మిద్దె, దాని ముందర నిటారుగా నడిచే అలవాటు. భూమి గడప దాటకూడదని మూడు తరాలుగా మేనరికాలే చేసుకున్నారు. భూమి పోయినా ఆ పద్ధతి పోలేదు; మా అమ్మ మా నాయనకు సొంత అక్క కూతురే. ఇంట్లో ఆరు వేళ్లతో బిడ్డ పుడితే దాన్ని వంశపు గుర్తనుకునేవాళ్లు, నామకరణం నాడు చిటికెన వేలి పక్కన వేలాడే ఆ చిన్న వేలికి సన్నటి బంగారు చుట్టు తొడిగేవాళ్లు. అలా మా నాయన చెల్లెలికి తొడిగారు, ఆ తరువాత నా కంటే తొమ్మిదేళ్లు చిన్నదైన నా చెల్లెలికి తొడిగారు.

వేలిని చూపించుకున్నాము గానీ మేనత్తను మాత్రం దాచుకున్నాము. పెండ్లి వయసుకే ఆమెకు చూపు మసకబారి, ముప్పై నిండకముందే పూర్తిగా పోయింది. ఒళ్లు లావు, ఎప్పుడూ దాహం. వెనక గదిలో మంచం పక్కన ఆమెకని వేరే ఒక ఇత్తడి బిందె నీళ్లు ఉండేవి. చుట్టాలొస్తే ఆ గది తలుపు దగ్గరగా వేసి, ఆమెకు భక్తి ఎక్కువ, మనుషుల్లోకి రాదు అని చెప్పేవాళ్లం.

నా చెల్లెలికి పదిహేనేళ్లు వచ్చేసరికి మునిమాపువేళ గడపలు తగలడం మొదలైంది. ఒక పెండ్లిలో పెట్రోమాక్స్ వెలుతురులో వడ్డిస్తూ సాంబారు ఆకులో కాక ఒక పెద్దాయన పంచె మీద పోసింది. "దొరసానమ్మకు కండ్లు నెత్తిమింద ఉండాయి, మన ఆకులు యాడ కనపడతాయబ్బా" అని ఆయన అంటే పంక్తి పంక్తంతా నవ్వింది. నా చెల్లెలు నవ్వుతూనే, "నెత్తిమింద కూడా లేవు మామా, ఉంటే ఈ పొద్దు నీ పంచె మిగిలుండు" అన్నది. నేను మాత్రం నవ్వలేదు. పరువు పోయిందనుకున్నాను.

తొంభైల మొదట్లో, నేను తిరుపతిలో గుమాస్తాగా చేరిన కొత్తలో, దాన్ని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాను. గంజిపెట్టిన చొక్కా తొడుక్కుని డాక్టరు ఎదుట బిగుసుకుని కూర్చున్నాను. ఆ డాక్టరు దాని చేయి పట్టుకుని ఆరో వేలిని చాలాసేపు చూసి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగాడు. అడిగిందే చాలునని ఏడు తరాలుగా మాకిది వంశపు గుర్తనీ, మా తాతకూ ముత్తాతకూ ఉండేదనీ చెప్పాను. వాళ్లకు చూపు ఎలా ఉండేది, కిడ్నీ జబ్బులేమైనా ఉన్నాయా అని మళ్లీ అడిగాడు. మా తాత ఎనభై ఏళ్లకు కూడా అద్దాలు లేకుండా చదివేవాడని చెప్పాను. అది నిజమే. కానీ మా తాతకు ఉన్నవి అయిదు వేళ్లే.

నా చెల్లెలు నా వైపు తిరిగింది. ఇంతమందికి ఉండి ఎవరికీ ఏమీ కాలేదంటే వేలితో చిక్కు లేదని డాక్టరు తేల్చుకుని, కంటికి మాత్రలు రాసిచ్చి పంపాడు. నేను చెప్పినదాన్ని బట్టి ఆయన చేసింది సబబే.

రెండేళ్లకు మేనత్త ఒళ్లంతా వాచి చనిపోయింది. వయసు అయిందని ఊళ్లో చెప్పుకున్నాము, ఆమెకు యాభై కూడా దాటలేదు. అప్పటికే నా చెల్లెలు రోజుకు ఎన్ని చెంబుల నీళ్లు తాగుతున్నదో చూస్తూ కూడా నేను నోరు మెదపలేదు. ఇంకో రెండేళ్లకు దానికీ కాళ్లు వాచాయి. ఈసారి పుత్తూరులో బస్సు మారి తిరుపతిలోనే వేరే ఆసుపత్రికి వెళ్లాము. అక్కడి డాక్టరమ్మ అదే ప్రశ్న అడిగింది. నేను గొంతు సవరించుకుంటుండగానే చెల్లెలు అందుకుంది.

"మా అన్న చెప్పడులే మేడమ్, ఆయనకు నామోషీ. మా అత్తకూ ఇట్లే ఆరు వేళ్లు, కండ్లు పోయినాయి, ఒళ్లు వాచి సచ్చిపోయింది. మా తాతకు ఆరు వేళ్లు లేవు. ఆ పొద్దు ఇంకో డాక్టరు ముందర మా అన్నే ఊరికే ఒక వేలు ఇచ్చినాడు ఆయనకు."

డాక్టరమ్మ నవ్వలేదు. ఇద్దరు తెల్లదొరల పేర్లు కలిపి పెట్టిన ఒక జబ్బు పేరు కాగితం మీద రాసి, వేలు, చూపు, లావు, కిడ్నీలు అన్నీ దానివేనని, దగ్గరి చుట్టరికపు పెండ్లిళ్లలో ఇది పుట్టే అవకాశం ఎక్కువని చెప్పింది. ముందే వచ్చినా కండ్లకు చేయగలిగింది ఏమీ లేదట. నాలుగేళ్ల ముందే తెలిసుంటే మాత్రం కిడ్నీలను మందులతో ఇంకా చాలా ఏళ్లు నిలిపేవాళ్లమని నెమ్మదిగా అన్నది.

ఆ తరువాత అది మూడేళ్లు బతికింది, వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకుంటూ, మిషను దగ్గర అబ్బాయిలను నవ్విస్తూ. చూపు ఆ మూడేళ్లలోనే పూర్తిగా పోయింది.

ఇప్పుడు మా మిద్దె లేదు. బస్సులో పక్కన కూర్చున్నవాడు మీరెవరింటివాళ్లని అడగడు; షుగరుందా, బీపీ ఉందా అని అడిగి తనవి కూడా చెప్పుకుంటాడు. నేను అబద్ధమాడి నిలబెట్టిన పేరు ఈ జిల్లాలో నాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. ఆ రోజుల్లో అది ఎంత పెద్దదిగా కనిపించిందో ఈ కాలం పిల్లలకు చెప్పినా అర్థం కాదు.

చివరి రోజుల్లో ఒకసారి నా చెల్లెలు, సూది గుచ్చిన చేయి చాపుకుని పడుకుని, "అన్నా, ఆ పొద్దు తాతను పొగడకుండా అత్తను తల్చుకొనుంటే బాగుండు కదా" అన్నది, కోపంతో కాదు. నేను తల వంచుకున్నాను. దానికి కనపడదని తెలుసు. అయినా తప్పు నాదేనని నోరు తెరిచి చెప్పలేదు.