నాన్న తోలిన చెరువు

మా నాన్న ప్రేమదాసు గురించి ఎవరైనా అడిగితే మా అమ్మ రెబ్కా చెప్పే మాట ఒక్కటే: "పెళ్ళయిన మర్నాడు నా చేతికి తట్ట ఇచ్చాడమ్మా మహానుభావుడు." వేళాకోళం కాదు, నిజంగానే ఇచ్చాడట. దర్శి అవతల మా ఊరి చెరువుని ఆనుకుని నాన్నకి ప్రభుత్వం పట్టా ఇచ్చిన కాస్త నేల ఉంది. ఇచ్చిన రోజున అది నేల కాదు, ఎర్ర గులకరాళ్ళ దిబ్బ. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవట. ఇందులో ఏం పండిస్తావురా అని ఊళ్ళో నలుగురూ నవ్వేసరికి నాన్నకి రోషం వచ్చింది. ఎండాకాలం చెరువు ఎండగానే అడుగున ఉన్న నల్లమట్టి తవ్వి, తట్టలకెత్తి, ఆ గులక మీద పరచడం మొదలుపెట్టాడు. రెండో తట్ట మా అమ్మది.

మా వైపు చెరువు మట్టి తోలుకోవడం వింతేమీ కాదు. మిరప వేసే వాళ్ళంతా తోలుకునేవాళ్ళే. కాకపోతే ఒక వేసవి తోలి, తర్వాత రెండు మూడేళ్ళు ఊరుకుంటారు. మా నాన్న ఊరుకోడు. వేసవిలో ఊరంతా పెళ్ళిళ్ళకి తిరుగుతుంటే ఈయన చెరువులో ఉండేవాడు. నేను పుట్టానన్న కబురు కూడా చెరువులోకే పంపారు. "ఈ బండి దించి వస్తానని చెప్పు" అన్నాడట. ఆ మాటకి అమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. తట్టలు పోయి అద్దె బండి వచ్చింది, బండి పోయి ట్రాక్టరు వచ్చింది, నాన్న మాత్రం మారలేదు. కూలికి పోయి సంపాదించిందంతా ఆ మట్టిలోకే పోయింది. నాకు కోపం వచ్చేది. నిజంగా ఒళ్ళు మండేది.

కానీ మిరప కాసేది. ఊళ్ళో ఎవరి చేనూ అలా కాసేది కాదు. సాయంత్రాలు చర్చి అరుగు మీద కూచుని నాన్న గొప్పలు పోయేవాడు. "చెరువు చెరువంతా తెచ్చి నా పొలంలో పోశాన్రా! ఏ మూల తవ్వుకో, నడుం లోతు నల్లమట్టే!" ఎవరూ కాదనేవాళ్ళు కాదు. నేను కూడా అది నిజమేననుకునేదాన్ని.

మా ఆయన జయపాల్‌ది కంప్యూటర్ మీద మ్యాపులు గీసే ఉద్యోగం. చిలకలూరిపేటలో ఒక మేడ గదిలో ఆఫీసు. జిల్లాల్లో చెరువులు, కుంటలు, మడుగులు, చిత్తడి నేలలు ఎక్కడెక్కడ మిగిలాయో ఉపగ్రహం తీసిన ఫోటోల మీద గుర్తుపట్టి, చుట్టూ గీత గీసి రంగు నింపాలి. సగం పని సాఫ్ట్‌వేరే చేస్తుంది, మిగతా సగం ఈయన సరిచూడాలి. నేను బడిలో పిల్లలకి మ్యాపులు చూపించే టీచర్ని. అయినా ఆ ఫోటో మొదటిసారి చూసినప్పుడు నా బుర్ర తిరిగిపోయింది.

"ఈ ఎర్రవన్నీ ఏంటి, మిరపకాయలా?" అని అడిగాను.

"కాదు లిడియా, చెట్లు. ఇందులో పచ్చనివన్నీ ఎర్రగా కనిపిస్తాయి. నీళ్ళు నల్లగా కనిపిస్తాయి."

"మరి ఎర్రవి ఎలా కనిపిస్తాయి?"

కాసేపు తల గోక్కుని, "అది మాకు ట్రైనింగులో చెప్పలేదు" అన్నాడు. ఈయనతోనా దేవుడా నేను కాపురం చేస్తోంది అనుకున్నాను.

రెండు వేల ఏడు జూలైలో ఒక సాయంత్రం మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. సంచిలోంచి ఒక కాగితం తీసి మంచం మీద పరిచాడు. అది మా ఊరి మ్యాపు. రోడ్డు, చర్చి గుర్తుపట్టాను. "మీ చెరువేదో చూపించు" అన్నాడు. అదో లెక్కా అని, చర్చి వెనకాల నీలంగా ఉన్న ముక్క మీద వేలు పెట్టాను.

"అది చెరువు కాదు. మీ నాన్న పొలం."

కాగితం దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశాను. తర్వాత ఆయన మెల్లగా చెప్పాడు. ఆ ఫోటో తీసింది మే నెలలో, వాన పడిన మర్నాడు. అప్పటికే చెరువులో నీళ్ళు రాక ఏళ్ళయి, సర్కారు తుమ్మ అడవిలా పెరిగింది. అది ఎర్రగా కనబడేసరికి సాఫ్ట్‌వేర్ దాన్ని తోపు అనుకుంది. నాన్న అప్పుడే పరిచిన కొత్త మట్టి తడిసి నల్లగా కనబడేసరికి దాన్ని చెరువు అనుకుని నీలం వేసింది.

"అనుకుంటే అనుకుంది. మీరు చెరిపెయ్యండి!"

"వెళ్ళి కళ్ళతో చూడకుండా మార్చకూడదు. పైగా మామగారి పొలం. నేను చెరిపేస్తే రేపు నలుగురూ ఏమంటారు?"

"చెరపకపోతే?"

"చెరువని పై ఆఫీసుకి పోతుంది." అంతకు మించి చెప్పక్కర్లేదు. చెరువు నేలకి పట్టా ఉండకూడదు, ఉన్నా వెనక్కి తీసుకుంటారని మా ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు. నాన్నకి ఆ పొలం పోతే ఇంకేం మిగులుతుంది?

తన మీద మాట రాకుండా జయపాల్ తన పై అధికారి చైతన్యకృష్ణనే చూడ్డానికి రమ్మన్నాడు. ఎందుకొస్తున్నారో నాన్నకి చెప్పొద్దన్నాడు. ముందే చెబితే మనం నేర్పించి మాట్లాడించినట్టవుతుందట. నేను బడికి సెలవు పెట్టి నేనూ వస్తానన్నాను. ఈయన్ని ఒక్కణ్ణీ పంపితే మా నాన్న పొలాన్ని సముద్రమని రాసుకొచ్చినా రాసుకొస్తాడు.

మేం వెళ్ళేసరికి ముందు రోజు కురిసిన వానకి పొలం ఇంకా తడిగా ఉంది. దుక్కి దున్ని ఉంది, మిరప నారు ఇంకా నాటలేదు. చైతన్యకృష్ణ కుర్రవాడే, మంచివాడే. చేతిలో జీపీఎస్ పట్టుకుని పొలం మధ్యకి నడిచి, వంగి నేలంతా చూశాడు. చెరువుల్లో మొలిచే తుంగ పొలమంతా మొలిచి ఉంది. మట్టి నిండా నత్తగుల్లలు. దుక్కిలో పురుగుల కోసం కొంగలు తిరుగుతున్నాయి.

"ఇవన్నీ చెరువులో ఉండాల్సినవి కదండీ?" అన్నాడు.

"మట్టితో పాటు వచ్చాయి సార్" అన్నాడు మా ఆయన.

సరే అని చెరువులోకి దిగాం. ముళ్ళు, మేకలు, నిన్నటి వానకి కూడా పూడని పగుళ్ళు. వెతికితే ఒక్క నత్తగుల్ల దొరకలేదు. చైతన్యకృష్ణ జీపీఎస్ వంక చూశాడు, కాగితం వంక చూశాడు, మళ్ళీ పొలం వంక చూశాడు. "జయపాల్ గారూ, ఇంతకీ మనం ఇప్పుడు ఎక్కడున్నామండీ?" అని అడిగాడు. మా ఆయన కాగితాన్ని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పాడు. నాకు నవ్వు రావాలి కానీ రాలేదు. పుట్టి పెరిగిన ఊళ్ళో నిలబడి, ఏది చెరువో ఏది పొలమో ఒక్క క్షణం నాకే అర్థం కాలేదు.

అప్పుడు వచ్చాడు మా నాన్న. ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కుని, మొహం వెలిగిపోతూ వచ్చాడు. అల్లుడి ఆఫీసువాళ్ళు తన మట్టి చూసి మెచ్చుకోవడానికి వచ్చారని అనుకున్నాడు పాపం. మమ్మల్ని మళ్ళీ పొలంలోకి తీసుకెళ్ళి, ఒక గడ్డ తీసి చైతన్యకృష్ణ ముక్కు దగ్గర పెట్టాడు.

"వాసన చూడండి బాబూ. అచ్చంగా చెరువు మట్టి. జిల్లా మొత్తం తిరగండి, ఇట్టాంటి నేల యాడా దొరకదు."

"ఎంత లోతు ఉంటుందండీ?"

నేను కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాను. నాన్న నా వైపు చూడనే లేదు. "నడుం లోతు! ఏ మూలైనా సరే!"

చైతన్యకృష్ణ మొహం మారింది. మా ఆయన్ని పక్కకి పిలిచాడు కానీ నాకు వినబడుతూనే ఉంది. "నడుం లోతు చెరువు మట్టి ఎవరైనా తోలగలరా అండీ? ఇది చెరువు అడుగే అయ్యుంటుంది. ఎప్పుడో పొలంలో కలుపుకుని ఉంటారు."

ఇంక నేను ఆగలేదు. "కలుపుకున్నారా? ఏం మాటలండీ అవి! మా అమ్మ నెత్తి మీద వెంట్రుకలు ఊడిపోయాయి ఈ మట్టి మోసి మోసి! రండి, వచ్చి మా అమ్మని అడగండి!"

"కోప్పడకండమ్మా, నాకూ ఏం తెలియట్లేదు" అన్నాడు పాపం ఆ అబ్బాయి. నిజంగానే అతని మొహంలో కూడా అయోమయమే ఉంది.

"ఏందమ్మా, ఏమంటన్నాడు ఆయన?" అని అడిగాడు నాన్న. ఇక దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇది పొలం కాదు చెరువని మ్యాపులో పడిందనీ, అదే ఖాయమైతే పట్టా పోతుందనీ చెప్పాను. నాన్న నా మొహంలోకి చూశాడు. తర్వాత పొలం వంక, తుమ్మల వంక చూశాడు.

"చెరువా? ఇదా? నేను తోలానే!"

"తోలారని రుజువు ఏంటంటున్నారు మావయ్యా" అన్నాడు మా ఆయన.

"తవ్వండి! నడుం లోతు నల్లమట్టి లేకపోతే అప్పుడు అడగండి నన్ను!"

జయపాల్ దగ్గరికి జరిగి, "నడుం లోతు ఉంటేనే మనకి ఇబ్బంది మావయ్యా" అని గొణిగాడు. ఆ మాట నాన్న బుర్రకెక్కలేదు. "అంటే నేను అబద్ధం చెబుతున్నానంటావా అల్లుడూ?" అని, గట్టు మీదున్న గడ్డపార తనే తెచ్చాడు.

లోతుగా ఉంటే పొలం పోతుంది. లేకపోతే నాన్న మాట పోతుంది. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను కానీ ప్రభువుని ఏం అడగాలో తెలియలేదు. ఏమీ అడక్కుండానే కళ్ళు తెరిచాను.

నాన్న పొలం మధ్యలో గడ్డపార ఎత్తి వేశాడు. నల్లమట్టి మెత్తగా విచ్చుకుంది. మళ్ళీ వేశాడు. ఖంగుమంది. వంగి చేత్తో మట్టి తోశాడు. అడుగున ఎర్ర గులక. జయపాల్ గుంటలో చెయ్యి పెట్టి చూశాడు. జానెడు కూడా లేదు.

"ఈడ పల్చగా పడి ఉంటదిలే" అన్నాడు నాన్న. ఇంకో పక్కకి వెళ్ళి తవ్వాడు. అక్కడా ఖంగుమంది. చెరువు వైపు మూలకి వెళ్ళాడు. అక్కడైతే బెత్తెడే.

"చాలండీ చాలు!" అన్నాడు చైతన్యకృష్ణ సంతోషంగా. "కింద గులక ఉందంటే ఇది చెరువు అడుగు కానే కాదు. పైన పరిచిన మట్టే. పొలమని రాసేద్దాం జయపాల్ గారూ. నీలం తీసేసి ఆ తుమ్మల్లో వెయ్యండి."

"అక్కడ నీళ్ళు లేవు కదా సార్?"

"లేకపోయినా చెరువు అదే కదండీ!" ఆ మాట నాకు సగమే అర్థమైంది. మా ఆయన మాత్రం, "గట్టెక్కాం మావయ్యా, పొలం దక్కింది!" అని నాన్న భుజాలు పట్టుకుని ఊపేశాడు. నాకూ కళ్ళనీళ్ళు వచ్చాయి. కానీ నాన్న గుంటలోకే చూస్తున్నాడు.

"ఇంతేనా?" అన్నాడు.

గుంట అంచున మట్టిని వేళ్ళతో నలిపి చూశాడు.

"ఇన్నేళ్ళు తోలాను కదమ్మా లిడియా. మిగతాదంతా యాడికి పోయింది?"

"వాలు చెరువు వైపే ఉంది కదా మావయ్యా, వాన వచ్చినప్పుడల్లా మళ్ళీ అందులోకే..." అని మా ఆయన మొదలుపెట్టాడు. నేను చూసిన చూపుకి ఆగిపోయాడు. కానీ నాన్న వినేశాడు. తల తిప్పి తుమ్మల వైపు చూశాడు. ప్రతి ఏడూ తెచ్చిన మట్టినే మళ్ళీ తెచ్చాడన్నమాట. పొలం దక్కిందని సంతోషపడాలో, మా నాన్న మొహం చూసి ఏడవాలో తెలియక నేను అలాగే నిలబడ్డాను.

చైతన్యకృష్ణ బండెక్కి వెళ్ళిపోయాడు. గుంట పూడుద్దామని జయపాల్ పార తీసుకుని, పక్కనున్న మట్టీ గులకా కలిపి లోపలికి లాగాడు.

"ఆగు అల్లుడూ!" అని నాన్న అరిచాడు. చర్చి చొక్కాతోనే మోకాళ్ళ మీద కూలబడి, కలిసిపోయిన దాన్నంతా చేతులతో పైకి తీశాడు. గులకని ఒక్కో రాయీ ఏరి గుంట అడుగున వేస్తున్నాడు. నల్లమట్టిని పిడికిళ్ళతో తీసి తువ్వాలు మీద పోసుకుంటున్నాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే విదిలించేశాడు.

అంతలో అమ్మ మా అందరికీ అన్నం తట్టలో పెట్టుకుని గట్టు మీదుగా వచ్చింది. ఏం జరిగిందని అడగలేదు. నాన్నని చూసింది, గుంటని చూసింది. గిన్నెలు తీసి గట్టు మీద పెట్టి, ఖాళీ తట్టతో వచ్చి నాన్నకి ఎదురుగా కూచుంది.

"తువ్వాల్లో ఎంత పడుతుందయ్యా?" అంది. "ఇందులో పొయ్యి."