మా ఇంటామె ఆలూ బర్గర్ మాయం జేసిన్రు

శనివారం మా ఇంట్ల నీసు ముట్టరు. గందుకే ప్రతి శనివారం మా ఇంటామెను బహదూర్‌పురాల ఉన్న బర్గర్ దుకాణానికి తోల్కపోత. ఆలూ బర్గరంటే ఆమెకు పాణం. ఇయ్యాల పోతే మెనూ మొత్తం మార్చిన్రు, ఆలూ లేదు, అన్నీ కోడివే!

"ఆలూ బందయింది అంకుల్. చికెన్ బర్గర్ల చికెన్ తీసేసి ఇయ్యాల్నా?" అన్నది కౌంటర్ కాడి పిల్ల.

"గట్లయితే బిర్యానిల బొక్కలేరేసి శాకాహారమని అమ్ముండ్రి" అన్న. మా ఆమె ముఖం చిన్నబోయింది. నాకు మస్తు మండింది.

ఉత్త బన్నులే తీసుకున్న. బయట బండి మీది మిర్చి బజ్జీలు తెచ్చి, బన్ను నడుమ పెట్టి ఇద్దరం తినుడు షురూ జేసినం. పక్క టేబుల్ ఆయన మా బన్ను దిక్కు జూసి "భాయ్, యే నయా ఆయా క్యా?" అని, కొత్తగ వచ్చిందా అన్నట్టు అడిగిండు.

"హౌ భాయ్, కౌంటర్ పే పూఛో" అని, కౌంటర్ కాడ అడుగుమన్న.

జెర సేపట్ల లైన్ల ఉన్నోళ్లందరు మిర్చి బర్గరే అడుగుతున్నరు. మేనేజర్ ఉరికొచ్చిండు.

"అంకుల్, బయటి తిండి లోపల తినొద్దు."

"మరి మా ఆమె తినేతందుకు లోపల ఏముంది బేటా?"

మా ఆమె నవ్వుకుంట ఇంకో బజ్జీ అందుకున్నది.

మెనూ మార్చేటోళ్లు తినేటోళ్లను ఒక్క మాట అడగరా? మీ దిక్కు ఏం మాయం జేసిన్రో చెప్పుండ్రి, బజ్జీలు పట్టుకొని ఆడికి గూడ వస్త.